ఈశ్వరి తీగ

దక్షిణ భారతదేశపు అడవులలోను, డొంకలలోను, కంచెల వెంబడిని ఈశ్వరి యను సన్నని తీగ పెరుగుచుండును. దీనినే గోవిల యనియు వ్యవహరింతురు. వేసవిలో తీగ యెండినను నేలలోని గట్టి వేరు చావదు. తొలకరి జల్లులు పడగానే అది మరల చిగిర్చి, దొరికిన కొమ్మను చుట్టుకొని పైకి ప్రాకును.

దీని పువ్వు విచిత్రమైనది. అడుగున ఉబ్బిన బుడ్డి, దానిపై సన్నని గొట్టము, చివర ఊదావన్నె రేకు ఉండును. చిన్న ఈగలు గొట్టములో దూరగా, లోపలి నూగు వానిని తిరిగి పోనీయదు. పుప్పొడి రాలిన పిమ్మట నూగు వాడిపోవును. ఈగలు ఆ పుప్పొడితో మరియొక పువ్వును చేరును. ఎండిన కాయ చీలి చిన్న ఉట్టివలె వ్రేలాడును. అందలి పలుచని విత్తనములు గాలికి ఎగిరిపోవును.

నల్లని రెక్కలపై తెల్లని పట్టెలు, కెంపువన్నె మచ్చలు, ఎఱ్ఱని దేహము గల సీతాకోకచిలుక యొకటి కలదు. ఆంగ్లమున దీని పేరు క్రిమ్సన్ రోజ్. దీని గొంగళిపురుగులు ఈశ్వరి జాతి తీగల ఆకులనే తినును. ఆకులలోని విషము పురుగు దేహమున నిలిచి, సీతాకోకచిలుకకును సంక్రమించును. అందుచే పక్షులు దానిని విడిచిపెట్టును. కరివేపాకు, నిమ్మ చెట్లపై పెరుగు వేరొక జాతికి ఈ విషము లేదు. అయినను దానిలోని కొన్ని ఆడువి కెంపుమచ్చల రూపమునే పోలి యుండి, పక్షులను మోసగించి బ్రదుకును!

పాముకాటుకు మందని నమ్మి జనులు ఈశ్వరి వేరును త్రవ్వుచుండిరి. ఈ నమ్మకము ప్రమాదకరము. పాము కరచిన వానిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఈ జాతి మొక్కలలోని ఆమ్లము మూత్రపిండములను చెరచును. అట్టి మొక్కలు కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2002లో నిర్ణయించెను. కావున దీని ఆకునుగాని, వేరునుగాని నోట పెట్టరాదు. వేరు పోయిన తీగ మరల చిగుర్పదు. తీగ లేని చోట కెంపుమచ్చల సీతాకోకచిలుకకు గ్రుడ్లు పెట్టు తావు లేదు.

పెరటిలో ఈ తీగను పెంచుట కష్టము కాదు. అడవిలోని తీగను పెకలింపక, ఎండిన కాయల విత్తనములనుగాని, నర్సరీలో పెంచిన మొక్కనుగాని తేవలెను. కొంత నీడగల చోట, నీరు నిలువని నేలలో, మాగిన పశువుల ఎరువు కలిపి, వానకాలపు ఆరంభమున దడి ప్రక్కను నాటవలెను. ఆకలిగొన్న పురుగులు ఒక తీగను కొలది దినములలో మోడు చేయగలవు. కనుక రెండు మూడు తీగలుండుట మంచిది. సమీపమున నూరువరహాల మొక్క యున్నచో సీతాకోకచిలుకలకు తేనె లభించును. తీగను ముట్టిన చేతులు కడుగుకొనవలెను.

ఆకులకు చిల్లులు పడగానే తోటమాలి పురుగుమందు తెచ్చుట పరిపాటి. ఈశ్వరి విషయమున అది కూడదు. పురుగు తినిన ఆకు నష్టము కాదు. ఆ తీగను నాటిన ఫలమే అది. వేరు క్షేమముగా నున్నంతకాలము ఆకులు మరల వచ్చును, వానితో రెక్కల అతిథులును వచ్చును.