హెల్మెట్ ఉన్నా దవడ ఎందుకు విరిగింది?

ఈ సంచికకు ఏదైనా రాయమని మా సంఘం కార్యదర్శి అడిగితే, కవిత్వం నా వల్ల కాదన్నాను. "పోనీ, నీ దవడ సంగతే రాయరా" అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడు గాని, మెకానికల్ ఇంజనీరింగు చదువుతున్నవాణ్ణి కనుక, అందులో నిజంగానే ఒక పాఠం ఉందనిపించింది.

రెండో సంవత్సరంలో ఒక సాయంత్రం హాస్టలుకు వస్తుంటే కుక్క అడ్డొచ్చింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేసి, బండి మీంచి ముందుకు పడ్డాను. వేగం నలభై కూడా లేదు. హెల్మెట్ ఉంది, బకిల్ పెట్టే ఉంది; కాకపోతే ముఖం తెరిచి ఉండే రకం. స్పృహ తప్పలేదు. గడ్డం మీద చిన్న గాటు, అంతే. కానీ నోరు మూస్తే పై పళ్లూ కింది పళ్లూ కలవడం లేదు! ఎక్స్-రే చూసి డాక్టరుగారు, "దెబ్బ తగిలింది గడ్డానికి. విరిగింది చెవుల దగ్గర, రెండువైపులా" అన్నారు.

మొదట నాకు నమ్మకం కలగలేదు. తర్వాత ఆలోచిస్తే, మన క్లాసులో బోర్డు మీద గీసే బొమ్మే అది. కింది దవడ గుర్రపు లాడంలా ఉంటుంది. దాని రెండు కొసలూ చెవుల ముందు పుర్రెకు కీళ్లతో ఆనుకొని ఉంటాయి. ఆ కీళ్ల కింద ఎముక సన్నని మెడలా ఉంటుంది. గడ్డం నేలకు కొట్టుకుంటే, ఆ బలం లాడం రెండు చేతుల వెంబడీ వెనక్కు పోయి, సన్నగా ఉన్న చోట విరుస్తుంది. ఒకందుకు అది మేలేనట. ఆ మెడ విరగకపోతే దవడ కొస పుర్రె అడుగుభాగంలోకే దూసుకుపోవచ్చు. మన ఇళ్లల్లో ఫ్యూజు పోయి మీటరును కాపాడినట్టన్నమాట. ఆ ఫ్యూజు మార్చడానికి మాత్రం మూడు వారాలు నా పళ్లకు తీగలు బిగించి నోరు కట్టేశారు. రాగిజావ, మజ్జిగ, పప్పుకట్టు, అన్నీ స్ట్రాతోనే. మా అమ్మ ఆవకాయ జాడీని నా కంట పడకుండా దాచింది.

మరి హెల్మెట్ చేసిందేమిటి? దాని పని అది చేసింది. హెల్మెట్ పుట్టిందే మెదడు కోసం. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియా మోటారు సైకిలు మీంచి పడి మరణించినప్పుడు చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఒకరు. సైన్యంలో మోటారు సైకిళ్లు నడిపేవారి తల గాయాల మీద ఆయన 1941లో వ్యాసం ప్రచురించారు. గడ్డం దాకా మూసే హెల్మెట్ బజారులోకి వచ్చింది 1960ల చివర్లో. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం, లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. పూర్తిగా మూసిన హెల్మెట్ ముఖానికి అదనపు రక్షణ ఇస్తుందని చెప్పింది.

ఇక్కడో చిక్కుంది. 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయి. ముఖం విషయంలో మాత్రం తేల్చడానికి ఆధారాలు చాలలేదంది. ఇందులో వింతేమీ నాకు కనిపించలేదు. టోపీ లాంటిదాన్నీ, గడ్డం మూసేదాన్నీ "హెల్మెట్" అని ఒకే పద్దులో రాస్తే, ముఖం లెక్క ఎలా తేలుతుంది? మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిది అమ్మకూడదు. మంచిదే. కానీ ముఖం తెరిచి ఉండేవాటికీ ఆ గుర్తు ఉంటుంది. నాదానికీ ఉంది.

గడ్డం ముందు భాగం ఉన్నంత మాత్రాన సరిపోదు. దాని లోపల వేలుపెట్టి నొక్కి చూడండి. కొన్నిటిలో గుడ్డ, మెత్తని స్పాంజి తప్ప ఏమీ ఉండదు. దెబ్బను మింగేది అణిగిపోయే గట్టి థర్మోకోల్; అది లేకపోతే పెంకు మీద పడిన దెబ్బ గడ్డానికే వస్తుంది. పైకెత్తే రకాల్లోనూ తేడాలున్నాయి. యూరప్ ప్రమాణంలో గడ్డాన్ని కాపాడే వాటికి 'పి' అనీ, చూడ్డానికి ఉన్నా కాపాడని వాటికి 'ఎన్.పి.' అనీ గుర్తు వేస్తారు. పైకెత్తి నడిపితే 'పి' కూడా దండగే.

ఇక కొలత. నా గతి చూసి మా రూమ్మేటు ఫుల్ ఫేస్ హెల్మెట్ కొన్నాడు. జుట్టు చెదురుతుందని రెండు సైజులు పెద్దది! వదులు హెల్మెట్ దెబ్బకు తల మీద తిరుగుతుంది. అప్పుడు కాపాడాల్సిన గడ్డం భాగమే వచ్చి ముక్కుకు తగలొచ్చు, లేదా మొత్తం ఊడి ఎగిరిపోవచ్చు. యూరప్ పరీక్షలో బొమ్మతలకు హెల్మెట్ పెట్టి, వెనక అంచుకు కొక్కెం తగిలించి, 10 కిలోల బరువును అర మీటరు ఎత్తునుంచి వదులుతారు. అది 30 డిగ్రీలకు మించి తిరగకూడదు. మనకు అంత సరంజామా అక్కర్లేదు. వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, బకిల్ పెట్టించి, వెనక అంచు పట్టి ముందుకు ఎత్తాను. హెల్మెట్ నా చేతిలోకి వచ్చేసింది.

"బకిల్ పెట్టే ఉందిరా!" అన్నాడు, చెవులు తడుముకుంటూ.

మర్నాడు టేపుతో కనుబొమలకు పైన చుట్టుకొలత తీసుకుని వెళ్లి మార్చుకొచ్చాం. స్ట్రాప్ కింద రెండు వేళ్లు మాత్రం పట్టేలా బిగించాం. తల ఊపితే చెంపల చర్మం కూడా దాంతోపాటే కదులుతోంది. "బుగ్గలు నొక్కేస్తోందిరా" అని వారం రోజులు సణిగాడు. నెల తిరిగేసరికి లోపలి స్పాంజి కొంచెం అణిగి ఆ సణుగుడు ఆగింది. ఆగిందంటే నాకు అనుమానం వచ్చి, మళ్లీ కూర్చోబెట్టి వెనకనుంచి ఎత్తి చూశాను. రాలేదు.