రెండు వేల రూపాయల ఇయర్‌ఫోన్లు

కళ్యాణదుర్గం

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు ఇయర్‌ఫోన్ల బొమ్మలూ చూసినాను. మూడూ వైరు లేనివే. మూడింటి కిందా 4,990 అని కొట్టేసి, 1,299 అనో 1,499 అనో వేసినారు. "ఏది తీసుకోవాల తాతా?" అని అడిగినావు. ఫోన్లో చెప్తే సగం విని "సరేలే" అంటావని కాగితం ముందేసుకున్నా. ఓపిగ్గా చదువు.

మొదట ఆ కొట్టేసిన అంకె సంగతి. 4,990 పెట్టి ఆ వస్తువు కొన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. పెట్టె మీద ఎంత పెద్ద ఎమ్మార్పీ అచ్చేస్తే తగ్గింపు అంత గొప్పగా కనపడుతుంది. నువ్వు 1,299 ఇచ్చి 1,299 సరుకే కొంటావు, ఇంకా మాట్లాడితే అంతకంటే తక్కువదే. మీ నాయన రెండు వేలు దాటొద్దన్నాడంటే దాటొద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో బుడ్డలు వేసేవాడి దుడ్డు అది. దాంట్లో ఎంత భాగం ధ్వనికి పోతుంది, ఎంత భాగం వేరే హంగులకు పోతుంది అన్నదే నువ్వు చూసుకోవాల్సింది.

వైరు లేని జతలో ఏముంటాయో చెప్తా. చెవికొక బ్యాటరీ, డబ్బాలో ఇంకొకటి, బ్లూటూత్ చిప్పు, చెవికొకటో రెండో మైకులు, చార్జింగ్ సర్క్యూట్, ఇవన్నీ అయినాక చివర్లో స్పీకరు. వైరు దాంట్లో స్పీకరు, గుల్ల, వైరు, అంతే. ఒకే ధరకు రెండూ కొంటే, స్పీకరు మీద ఎవడు ఎక్కువ ఖర్చు పెట్టగలడో నువ్వే ఆలోచించు. పదివేలు పెట్టేవాళ్ల సంగతి వేరు, ఆ ధరలో మంచి వైర్‌లెస్సులు ఉన్నాయి. రెండు వేలలో మాత్రం నా ఓటు వైరుకే.

ఇంకోటి ఆ బ్యాటరీ. రోజూ వాడితే రెండు మూడేళ్లకు లిథియం సెల్లు పట్టు తగ్గిపోతుంది. ఎండలో పెడితే ఇంకా తొందరగా పోతుంది. మనది ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు. నువ్వేమో ఆ డబ్బాను స్కూటీ డిక్కీలో పడేసి యూనివర్సిటీ చెట్ల కింద నిలబెట్టి క్లాసుకు పోతావు. పోనీ బ్యాటరీ మారుద్దామంటే దాన్ని అతికించి మూసేసి ఉంటారు. నేను విప్పి చూసినా, విప్పినాక మళ్లీ మూతపడదు. ట్రాన్సిస్టర్లు, టేప్‌రికార్డర్లు, మైక్ సెట్లు బాగుచేసి బతికినవాడికి బాగుచేసే దారి లేని వస్తువంటే మనసొప్పదు. నీకు ఆ బాధ లేకపోవచ్చు. కానీ మూడో ఏడు మళ్లీ రెండు వేలు అడగాల్సింది మీ నాయన్నే.

ఇక ఆ స్పీకరు సంగతి. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి మేం కట్టిన హారన్ యూనిట్‌లో ఉండేదీ, నువ్వు చెవిలో పెట్టుకునేదీ అసలుకు ఒకటే: ఒక అయస్కాంతం, దాని సందులో రాగి కాయిలు, కాయిలుకు అతికించిన పల్చటి పొర. కరెంటు అటూ ఇటూ పారితే కాయిలు ఊగుతుంది, పొర గాలిని తోస్తుంది. యూనిట్ల మీద 8 ఓమ్స్ అనో 16 ఓమ్స్ అనో రాసి ఉండేది. ఇయర్‌ఫోన్ల పెట్టెల మీద కూడా అదే అంకె వెతుకు. 16, 32 ఉంటే ఫోనుతో హాయిగా మోగుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి పెద్ద హెడ్‌ఫోన్లు 300 ఓమ్స్ ఉంటాయి, వాటికి విడిగా ఆంప్లిఫయరు కావాల. ఎవరో గొప్పగా చెప్పినారని సెకండ్‌హ్యాండ్‌లో అట్లాంటిది తెచ్చుకుని, ఫోనుకు పెట్టి, సౌండు రాలేదని నన్నడగొద్దు.

పెట్టె మీద తక్కిన అంకెల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని వంద రూపాయల దాని మీదా రాస్తారు. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత తగ్గుతుందో చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు. "13 ఎంఎం డ్రైవర్" అన్నదీ అంతే, డ్రైవరంటే ఆ స్పీకరే. పెద్ద డ్రైవరంటే మంచి డ్రైవరని కాదు.

అసలైంది పెట్టె మీద రాయరు. చెవిలో అది ఎంత బిగుతుగా కూర్చుంటుందన్నదే అసలైంది. మొనకు తొడిగే రబ్బరు బుడిపెలు చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు జతలిస్తారు. చాలామంది నడిమివి తొడిగి ఉన్నవి ఉన్నట్టే వాడేసి, "దీంట్లో బేస్ లేదు" అని తిడతారు. సందు ఉంటే గాలి తప్పించుకుంటుంది, గాలి తప్పించుకుంటే ముందు పోయేది బేసే. మూడూ మార్చి మార్చి చూడు. చాలామందికి రెండు చెవులూ ఒకే కొలత ఉండవు, ఎడమకు పెద్దదీ కుడికి నడిమిదీ పట్టొచ్చు, దాంట్లో వింతేమీ లేదు. పెట్టుకునేటప్పుడు ఇంకో చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగు. అప్పుడు సరిగ్గా లోపలికి కూర్చుంటుంది.

అంగట్లో వాళ్లు వినిపించే పాట వినొద్దు. అది దడదడలాడేట్టు ఏరి పెట్టుకున్న పాట. నీ ఫోనులో నువ్వు వందసార్లు విన్న పాట పెట్టుకో. దానికి ముందు ఇంకో చిన్న పరీక్ష చెయ్యి. 1957 నాటి మాయాబజార్‌లో ఘంటసాల పాడింది ఏదైనా పెట్టు. రంగులద్ది 2010లో మళ్లీ వదిలినప్పుడు శబ్దం కూడా కొత్తగా చేసినారు, అది కాదు, పాతది పెట్టు. అప్పటి రికార్డింగు మోనో, ఎడమలో ఏముందో కుడిలోనూ అదే. కాబట్టి గొంతు సరిగ్గా నీ తల నడుమ నిలబడాల. ఒక పక్కకు జరిగినట్టు అనిపిస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి పెట్టు. గొంతు కూడా పక్క మారితే తప్పు ఇయర్‌ఫోనుది. మారకుండా అదే పక్కన ఉంటే తప్పు నీ చెవిది, గుబిలి ఉంటుంది, డాక్టరుకు చూపించుకో. పుల్ల పెట్టి కెలకొద్దు.

దాని తర్వాత ఇళయరాజా పాటొకటి పెట్టి బేస్ గిటారు వెంట పో. ఒక్కో మీటు విడివిడిగా వినపడాల, అన్నీ కలిసి గుంయ్ గుంయ్ అంటే ఆ ఇయర్‌ఫోను వద్దు. చివర్న నువ్వు చూసే క్లాసు వీడియో. నీకు పాటల కంటే ఆ సారు గొంతే ఎక్కువ పని కదా. స, శ, ష పలికినప్పుడల్లా చెవిలో గుచ్చినట్టుంటే గంటసేపు వినలేవు, తలనొప్పి వస్తుంది. గొంతు స్పష్టంగా ఉండి బేస్ కొంచెం తక్కువైనా సరే, నీకు అదే మేలు.

ఇక యాడ కొనాలన్నది. అనంతపురంలో సుభాష్ రోడ్డు, కమలానగర్ సెల్ అంగళ్లలో బ్లూటూత్‌వి కుప్పలుగా ఉంటాయి. నేను చెప్పే రకం అక్కడ దొరకడం కష్టం. పాటగాళ్లు స్టేజీ మీద చెవుల్లో పెట్టుకుంటారే, ఆ మానిటర్ల రకం. వాటిని ఇప్పుడు చైనా కంపెనీలు తక్కువ ధరకు చేస్తున్నాయి. కేజెడ్ వాళ్లవి, మూన్‌డ్రాప్ వాళ్ల చూ 2 లాంటివి రెండు వేలకు అటూ ఇటూ ఆన్‌లైన్‌లో వస్తాయి. బెంగుళూరు ఎస్పీ రోడ్డు, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ మంచి బజార్లే. కానీ ఆడ అసలుదీ డూప్లికేటూ పక్కపక్కనే ఉంటాయి, నీకింకా తేడా తెలీదు. "ఫస్ట్ కాపీ" అని ఎవడన్నా అంటే అది నకిలీయే, దానికి మొదటిదీ రెండోదీ ఉండదు. ఆన్‌లైన్‌లో అయితే పైన చెప్పిన పరీక్షలు పెట్టె ఇంటికొచ్చినాకే చెయ్యగలవు, కాబట్టి కొనేముందు అమ్మేది ఎవరో, నచ్చకపోతే వాపసు తీసుకుంటారో, మార్చి మాత్రమే ఇస్తారో చదువు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకో. పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కొనేదానికి వైరు ఊడదీసి మార్చే వీలుండాల. ఇది మాత్రం పట్టుబట్టి చెప్తున్నా. ఇయర్‌ఫోన్లలో స్పీకరు పోయేది అరుదు. పోయేది వైరే, అదీ పిన్ను దగ్గరో, రెండు పాయలుగా చీలే చోటో. పాతదొకటి కోసి చూడు. లోపల వెంట్రుకంత సన్నటి రాగి పోగులుంటాయి. కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగానో నీలంగానో, కొన్ని ఉత్త రాగి రంగులో. మామూలుగా ఎర్రది కుడి, పచ్చది ఎడమ, రాగిది ఎర్త్. ఆ రంగు నిజానికి పూత, అదే ఇన్సులేషన్. దాన్ని కొసన కాల్చి తీసేయకుండా ఎంత సోల్డరింగ్ పెట్టినా సీసం పట్టుకోదు. ఇప్పుడు నా చెయ్యి వణుకుతుంది, అంత సన్న పని చెయ్యలేను. వైరు ఊడేదైతే రెండు పిన్నులు లాగి, కొన్ని వందలు పెట్టి కొత్తది గుచ్చుకుంటావు.

నీ ఫోనుకు గుండ్రటి జాక్ లేదు కదా, టైప్-సీ ఒక్కటే ఉంది. మధ్యలో చిన్న అడాప్టరు కావాల. వంద రూపాయలదొకటి దొరుకుతుంది, అది చాలా ఫోన్లలో పలకదు. లోపల డాక్ చిప్పు, అంటే ఫోనిచ్చే డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చేది, ఉన్నదని రాసి ఉన్నదే తీసుకో. దాని ధర కూడా రెండు వేల లోపలే కలుపుకో, మళ్లీ మీ నాయన్ను అడక్కు.

నువ్వు పంపిన మూడో దాంట్లో "నాయిస్ క్యాన్సలేషన్" అని పెద్దక్షరాల్లో ఉంది. అది మన బస్సు ఇంజను హోరు, ఫ్యాను హోరు లాంటి ఎడతెగని శబ్దాన్ని తగ్గిస్తుంది. హాస్టల్లో పక్క మంచం పిల్ల ఫోన్లో మాట్లాడేది పెద్దగా ఆపదు. తక్కువ ధరలో ఆ హోరు తగ్గేది కూడా అంతంత మాత్రమే. బుడిపె సరిగ్గా పట్టితే బయటి శబ్దం సగం అక్కడే ఆగిపోతుంది. అప్పుడు సౌండు తక్కువ పెట్టుకున్నా వినపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలే. పది అంకెల తేడాకు అన్ని గంటలు పోతాయి. ఫోనులో 60 శాతం దాటించొద్దు. బస్సెక్కినాక హోరు మీద నువ్వు సౌండు పెంచుతావే, చెవులు దెబ్బతినేది అప్పుడే. మైకులు కట్టిన మా జతగాళ్లలో ముసలైనాక పక్కన కూర్చున్నా అరిచి మాట్లాడేవాళ్లను నువ్వూ చూసినావు. స్కూటీ మీద మాత్రం ఒక్క చెవిలో కూడా పెట్టొద్దు.

వారానికోసారి ఇయర్‌ఫోను మొన మీదుండే జాలీ తుడువు. మన ఊరి దుమ్మూ గుబిలీ కలిసి దాంట్లో పేరుకుంటే ఒక పక్క సౌండు సన్నగిల్లుతుంది, చెడిపోయిందని పారేస్తారు. జాలీని నేల వైపుకు వంచి మెత్తటి బ్రష్షుతో దులపాల. పైకి పెట్టి దులిపితే చెత్త లోపలికే పోతుంది. నీళ్లు తగలనీయొద్దు.

మీ అవ్వకు కూడా ఒకటి పట్టుకురా. మైకుండే మామూలు వైరుది, నూటాయాభై రెండొందల లోపల. ఆమె పాత ఫోనుకు ఇంకా గుండ్రటి జాక్ ఉంది. దాంట్లో ఎఫ్ఎం పలకాలంటే వైరే యాంటెన్నా, వైరు పెట్టకపోతే అనంతపురం ఆకాశవాణి 101.7 అందదు. బ్లూటూత్‌ది తెస్తే పనికి రాదు. నల్లది వద్దంటుంది, మంచం మీద కనపడదంట. ఎర్రది చూడు.

మీ తాత