కొలిచి విప్పు, కొలిచి బిగించు

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఏలూరులో నీ షాపు నిలదొక్కుకుంటోందని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ వైరింగు, హారన్లు, లైట్లతో సరిపెట్టుకున్నావు, ఇకనుంచి ఆల్టర్నేటర్లు కూడా నేనే విప్పుతానని అన్నావట. మంచిదే. ఫోనులో చెబితే సగం గాల్లో కలిసిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆల్టర్నేటర్ విప్పడం పెద్ద విద్యేమీ కాదు అల్లుడూ. నాలుగు బోల్టులు, ఒక పుల్లీ నట్టు, అంతే. ఏది పోయిందో విప్పకముందే అంచనాకు రావడం, పోయినదాన్ని మాత్రమే మార్చడం, బాగైందని మీటరు మీద చూపించడం, ఈ మూడూ వస్తేనే పని వచ్చినట్టు. ఇవి రాని షాపులో బ్యాటరీ మారుతుంది, తర్వాత రెగ్యులేటర్ మారుతుంది, చివరికి కస్టమరే షాపు మారుస్తాడు.

బండి రాగానే స్పానర్ తీయకు, మీటరు తీయి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా, ఇంజిన్ కాస్త రేజ్ చేస్తే 13.5 కిందికి దిగకూడదు. 15 దాటిందంటే రెగ్యులేటర్ పట్టు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది. స్టార్ట్ చేసినా 12.6 దగ్గరే కూర్చుంటే ఛార్జింగ్ లేనట్టే. అప్పుడు కూడా తప్పంతా ఆల్టర్నేటర్ మీద వేయకు. బెల్టు జారుతోందేమో, వెనక పెద్ద వైరు నట్టు వదులైందేమో, ఫ్యూజ్ లింకు తెగిందేమో చూడు. కీ తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలుగుతోందా లేదా గమనించు. చాలా పాత బళ్లలో రోటర్‌కు మొదటి కరెంటు ఆ చిన్న బల్బు గుండానే అందుతుంది. ఆ బల్బు మాడితే నిక్షేపంలాంటి ఆల్టర్నేటర్ కూడా ఛార్జింగ్ మొదలుపెట్టదు.

ఇంకో రెండు కొలతలు అలవాటు చేసుకో. ఇంజిన్ నడుస్తుండగా లోడు వేసి, ఆల్టర్నేటర్ వెనక పెద్ద వైరు ఉండే బి ప్లస్ బోల్టు మీద మీటరు వైరు ఒకటి, బ్యాటరీ ప్లస్ మీద ఇంకోటి పెట్టు. 0.3 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే జబ్బు కేబుల్లోనో, లగ్గులోనో ఉంది. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే చూడు. తర్వాత మీటరును ఏసీకి తిప్పి బ్యాటరీ మీద పెట్టు. అర వోల్టు దాటితే డయోడ్ పోయిందని అనుమానించు. ఈమధ్య వచ్చిన బళ్లలో మాత్రం ఛార్జింగ్‌ను కంప్యూటరే నడుపుతుంది. అవసరం లేదనుకుంటే వోల్టేజీ దించుతుంది, బండి స్లో అవుతున్నప్పుడు పెంచుతుంది. ఒక్కసారి చూసి తక్కువగా ఉందని తీర్పు చెప్పకు. లోడు మార్చి మార్చి చూడు, స్కానర్ ఉంటే పెట్టు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టే అనే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. డైనమో రోజుల్లో పుట్టిన అలవాటది. బ్యాటరీ తప్పుకున్న క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ పదులకొద్దీ పైకి ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, అదృష్టం బాగా లేకపోతే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) కూడా పోతాయి. నీ షాపులో ఎవరినీ ఆ పని చేయనివ్వకు.

కొలతలతో ఎలా పట్టుకోవాలో ఒక బండి సంగతి చెబుతాను. ఒక ట్యాక్సీ వచ్చింది. పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదు. డ్రైవర్ ఇంకెక్కడో రెండుసార్లు బ్యాటరీ మార్పించుకున్నాడు. ఛార్జింగ్ చూస్తే 14.1, ఏ లోటూ లేదు. బండిని రాత్రికి షాపులోనే ఉంచమన్నాను. తెల్లారి బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, ఆల్టర్నేటర్ వెనక భాగం మాత్రం గోరువెచ్చగా తగిలింది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో అక్కడ వేడి ఎందుకుంటుంది? డయోడ్ అనేది ఒకవైపే తెరుచుకునే తలుపు. కరెంటును ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోనివ్వాలి, వెనక్కి రానివ్వకూడదు. ఇక్కడ ఒక తలుపు సరిగా పడటం లేదు. రాత్రంతా బ్యాటరీ కరెంటు వెనక్కి కారి, ఆ డయోడ్‌ను వేడెక్కిస్తోంది. బ్యాటరీ మైనస్ తీసి, బి ప్లస్ వైరు విప్పి ఇన్సులేషన్ టేపు చుట్టి, మైనస్ మళ్లీ పెట్టి చూస్తే లీకేజీ ఆగిపోయింది. అప్పుడు దింపాను స్పానర్. డయోడ్ ప్లేటు ఒక్కటే మార్చాను.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ మైనస్ తీయి. వెనకున్న లావు వైరులో కీ తీసేసినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులే. ఆల్టర్నేటర్ కిందికి దింపాక, ముందు మూత, స్టేటర్, వెనక మూత మీదుగా ఒక అడ్డగీత గీయి. బిగించేటప్పుడు ఆ గీత కలవాలి. లేకపోతే బండి మీద బోల్టు కన్నాలు కలవవు. పుల్లీ నట్టు ఇంపాక్ట్ గన్‌తో తీయి. గన్ లేకపోతే షాఫ్టును పట్టుకునే సరైన టూల్ వాడు. రోటర్ గోళ్లను వైసులో బిగించడం, ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చడం చేయకు. కొన్ని బళ్లకు ఒకవైపే పట్టే క్లచ్ పుల్లీ ఉంటుంది, దానికి వేరే టూల్ ఉంది. లోపల కార్బన్లు (బ్రష్‌లు) ఉన్న రెగ్యులేటర్‌ను వెలుపలి నుంచి తీయగలిగితే ముందే తీసేయి, లేకపోతే రోటర్ బయటికి వచ్చేటప్పుడు అవి విరుగుతాయి. రెండు మూతలను వేరుచేసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన గాడిలో కొద్దిగానే దించు. లోపల గీరుకుపోతే స్టేటర్ కాయిల్ వార్నిష్ లేచిపోతుంది.

బొలేరో, సుమోలాంటి చాలా డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు బూస్టర్‌లోంచి గాలి లాగేది అదే. అక్కడ ఆయిల్ సీలు కారితే నూనె నేరుగా కార్బన్ల మీదికి వచ్చి, ఛార్జింగ్ ఉండీ లేనట్టు ఆడుతుంది. కార్బన్లు మార్చి సీలు వదిలేస్తే కొద్ది రోజుల్లో బండి తిరిగి నీ దగ్గరికే వస్తుంది. బిగించాక స్టార్ట్ చేసి బ్రేకు తొక్కి చూడకుండా ఆ బండి తాళం ఎవరి చేతికీ ఇవ్వకు. పైపు సరిగా కూర్చోకపోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఛార్జింగ్ రాకపోతే మనిషి రోడ్డు మీద ఆగిపోతాడు, బ్రేకు పట్టకపోతే ఆగలేకపోతాడు.

విప్పాక ఒక్కో భాగాన్నీ వరుసగా చూడు. ముందు కార్బన్లు. కొత్తవి పొడవుగా ఉంటాయి. సాధారణంగా 5 మిల్లీమీటర్లకు దిగాయంటే మార్చేయి. స్ప్రింగు కరకరలాడకుండా పైకీ కిందికీ కదలాలి. తర్వాత స్లిప్ రింగులు. నల్లబడి ఉంటే జీరో ఎమరీతో చుట్టూ సమంగా రుద్దు, ఒకే చోట రుద్దితే గుంట పడుతుంది. గాడి పడిపోయి ఉంటే ఎమరీతో పని జరగదు, లేత్‌కు పంపు లేదా రింగులు మార్చు. పాత డైనమోలో మొత్తం ఛార్జింగ్ కరెంటు కార్బన్ల మీదుగానే వచ్చేది. ఆల్టర్నేటర్లో రోటర్‌కు కావలసిన ఐదారు ఆంపియర్లే వాటి గుండా పోతాయి. అందుకే అంత చిన్న కార్బన్లు అన్ని వేల కిలోమీటర్లు వస్తాయి. అలాంటివి త్వరగా అరిగిపోతే కారణం వెతకాలి: నూనో, దుమ్మో, ఊగే బేరింగో.

రోటర్‌ను ఓమ్స్‌లో కొలువు. చిన్న కార్లలో రింగుకూ రింగుకూ మధ్య 2 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. రింగుకూ ఇనుప గోటికీ మధ్య మీటరు కదలనే కూడదు. కదిలిందంటే ఎర్త్ అయింది. 1 ఓమ్‌కు దిగితే లోపల చుట్లు కలిసిపోయాయి, కరెంటు ఎక్కువ లాగి కొత్త రెగ్యులేటర్‌ను కాల్చేస్తుంది. రెగ్యులేటర్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ పోయిందని ఎవరైనా వస్తే ముందు రోటర్‌ను కొలువు. స్టేటర్ విషయంలో మామూలు మీటరును అంతగా నమ్మకు. ఆ తీగ నిరోధం ఎంత తక్కువంటే, చుట్లు కలిసినా అంకెలో తేడా కనిపించదు. కళ్లతో చూడు, ముక్కుతో చూడు. మూడు కాయిళ్లలో ఒకటి నల్లబడి మిగతావి బంగారు రంగులో ఉంటే డయోడ్ మీద అనుమానం పెట్టుకో, అన్నీ సమానంగా మాడితే ఓవర్‌లోడ్. ఇనుముకు ఎర్త్ అయిందేమో టెస్ట్ లాంప్‌తో చూడు.

డయోడ్లను మీటరులో డయోడ్ గుర్తు మీద చూడు. ఒకవైపు 0.4 నుంచి 0.7 చూపించాలి, వైర్లు మార్చి పెడితే ఏమీ చూపించకూడదు. రెండువైపులా చూపిస్తే షార్ట్, ఎటూ చూపించకపోతే ఓపెన్. ఒక్కటి పోయినా ప్లేటు మొత్తం మార్చడమే క్షేమం. తీగలను సోల్డర్ చేసేటప్పుడు వేడి త్వరగా ఇచ్చి త్వరగా తీసెయ్, డయోడ్ కాలుకు కటింగ్ ప్లేయర్ తగిలిస్తే వేడి దానికి పోతుంది.

బేరింగులను చేత్తో తిప్పు. గరగరమన్నా, ఒక్కచోట తట్టినా మార్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు బళ్లు మునిగినప్పుడు ఆటోనగర్‌కు వచ్చిన ఆల్టర్నేటర్లలో బేరింగుల గ్రీజు పోయి బురద చేరింది, రోటర్ తుప్పు పట్టి స్టేటర్‌కు అతుక్కుపోయింది. అలాంటి వాటిని కడిగి ఆరబెట్టి ఇచ్చేస్తే పని అయినట్టు కాదు. మునిగిన ఆల్టర్నేటర్ అంటే రెండు బేరింగులూ మార్చాల్సిందే. ఇంజిన్ నిమిషానికి 5 వేల చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్ 12 వేలకు పైగా తిరుగుతుంది. అందుకే బేరింగు చవకదని సైజు మాత్రం చూసి కొనకు, అదే నంబరు, మంచి కంపెనీది తీసుకో. షాఫ్టు మీద ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద, మూతలో దింపేటప్పుడు బయటి రింగు మీద ఒత్తిడి పెట్టు. తప్పు రింగు మీద కొడితే గుండ్లు దెబ్బతింటాయి, కొత్త బేరింగు మొదటి రోజే మోత మొదలుపెడుతుంది.

బిగించేటప్పుడు బి ప్లస్ బోల్టు దగ్గరున్న ఫైబర్ వాషర్, బుష్ మర్చిపోతే బ్యాటరీ తగిలించగానే ఎర్త్ అయి వైరు కాలిపోతుంది. అందుకే విప్పిన వరుసలోనే వాషర్లను ఒక తీగకు గుచ్చి పెట్టుకో. లోపలే కార్బన్లుండే రకంలో వెనక మూతకు ఒక చిన్న కన్నం ఉంటుంది. కార్బన్లను వెనక్కి నొక్కి, ఆ కన్నంలోంచి సన్నని గట్టి తీగ దూర్చి ఆపు. రోటర్ కూర్చున్నాక తీగ లాగేస్తే అవి రింగుల మీద పడతాయి. లాంగ్ బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించు. చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకూడదు. బండి మీదికి ఎక్కించాక వి బెల్టు అయితే మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి. ఎక్కువ బిగిస్తే కొత్త బేరింగే అరుగుతుంది. ఆఖరున బ్యాటరీ మైనస్ పెట్టు. ముందు తీసిన కొలతలన్నీ మళ్లీ తీయి.

రీవైండింగ్ గురించి కూడా రాయాలి. లారీ స్టేటర్‌ను తీగ మందం, చుట్ల లెక్క, వార్నిష్ తెలిసిన మనిషి చుడితే బాగానే నడుస్తుంది. చిన్న కారు రోటర్ చుట్టించేటప్పుడు జాగ్రత్త, బ్యాలెన్స్ తప్పితే ఆ వేగంలో బేరింగును తినేస్తుంది. రోటర్, స్టేటర్ రెండూ కాలి, మూతలో బేరింగు గూడు కూడా లూజైతే కంపెనీ రీకండిషన్డ్ ముక్క తీసుకొమ్మని కస్టమర్‌కు చెప్పు. ఆ రోజు కూలి పోతుంది, నీ మాట నిలబడుతుంది.

ప్రతి పనికీ ఒక చీటీ రాయి: ముందు ఎంత వోల్టేజీ, తర్వాత ఎంత, ఏసీ ఎంత, ఏది మార్చావు, ఎందుకు. ఒకటి కస్టమర్‌కు ఇవ్వు, ఒకటి పుస్తకంలో పెట్టుకో. పాత ముక్కలను డబ్బాలో వేసి అతని చేతికే ఇవ్వు. కస్టమర్ ముందు మీటరు పెట్టి చూపించడానికి అర నిమిషం పడుతుంది, బిల్లు మీద బేరం ఆడే మాట సగం అక్కడే ఆగిపోతుంది. మొదట్లో ఏ రెండు కొలతలు ఎప్పుడు కలిసి వస్తాయో తెలియదు. ఆ పుస్తకం నిండేకొద్దీ నీకే అర్థమవుతుంది, అప్పుడు నా ఉత్తరం అవసరం ఉండదు.

దసరాకు అమ్మవారి దర్శనానికి వస్తామన్నారు కదా, వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. తిరిగొచ్చిన బళ్ల చీటీలు ముందు చూద్దాం.

ఇట్లు
మామయ్య