చిన్న వర్తకుని అర్జీ – ప్రభుత్వపు పన్ను

అర్జీ, దరఖాస్తు, వసూలు, రసీదు, బాకీ – ఈ మాటలన్నియు ఉర్దూ ద్వారా తెలుగులో ప్రవేశించి నేడు మన ఇంటి మాటలైనవి. వీనిలో వసూలు ప్రభుత్వము వైపు మాట. అర్జీ ప్రజల వైపు మాట. వసూలు ఎట్లు జరుగునో చిన్న దుకాణదారునకు బాగుగా తెలియును. అర్జీని ఎప్పుడు, ఎవరికి, ఎట్లు వ్రాయవలయునో మాత్రము చాలమందికి తెలియదు. మన విద్యార్థులలో పలువురి తండ్రులు బట్టల దుకాణమో, చెప్పుల అంగడియో నడుపుకొని, లేదా దర్జీ పని చేసికొని బిడ్డలను చదివించుచున్నారు. కావున ఈ విషయమును వాణిజ్యశాస్త్ర శాఖకే విడువక, భాషను బోధించు మేమును కొంత పరిశీలింపదలచితిమి. ఏలయన, అర్జీ వ్రాయుట మొదట భాషకు సంబంధించిన పని.

చట్టము యొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. కేంద్ర ప్రభుత్వము 112వ అధికరణము ననుసరించి పార్లమెంటు ముందును, రాష్ట్ర ప్రభుత్వము 202వ అధికరణము ననుసరించి శాసనసభ ముందును ఏటేటా తమ ఆదాయవ్యయముల అంచనాల నుంచవలయును. దీనినే మనము బడ్జెటు అనుచున్నాము. 2017 నుండి కేంద్ర బడ్జెటును సాధారణముగా ఫిబ్రవరి 1వ తేదీన సమర్పించుచున్నారు. దానికి ముందు కొన్ని వారములపాటు ఆర్థిక మంత్రిత్వ శాఖ పరిశ్రమల, వర్తకుల, రైతుల, కార్మికుల ప్రతినిధులను పిలిచి అభిప్రాయములను సేకరించుట ఆనవాయితీ. బడ్జెటు వెలువడిన పిదప వాపోవుట కన్న, అది తయారగుచున్న దినములలో విన్నవించుట మేలు.

అయితే నేడు పెక్కు వస్తువులపై పన్ను రేటు బడ్జెటులో నిర్ణయమగుట లేదు. 2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణ వలన జి.ఎస్.టి. మండలి ఏర్పడినది. 2017 జూలై 1 నుండి ఆ పన్ను అమలులోనికి వచ్చినది. ఈ మండలిలో కేంద్రమునకు మూడింట ఒక వంతు, రాష్ట్రములన్నిటికి కలిపి మూడింట రెండు వంతుల ఓటు విలువ గలదు. ఓటింగు జరిగినచో, తీర్మానము నెగ్గుటకు నాలుగింట మూడు వంతుల బలము కావలయును. అనగా కేంద్రము ఒంటరిగా గాని, రాష్ట్రములు ఒంటరిగా గాని ఏమియు చేయజాలవు. ఇందులోనే చిన్న వర్తకునకొక దారి కలదు. ఢిల్లీ వరకు పోలేనివాడు తన రాష్ట్ర మంత్రికి విన్నవించుకొనవచ్చును. మండలిలో రాష్ట్రము తరఫున మాట్లాడువాడు ఆయనయే.

ఒక్కని గొంతు దూరము పోదు కనుక వర్తకులు సంఘములుగా ఏర్పడుట పూర్వము నుండి ఉన్నది. మన హైదరాబాదులో 1917లోనే వర్తక మండలి వెలసినది. అదియే పెరిగి ఆంధ్రప్రదేశ్ వాణిజ్య పరిశ్రమల మండళ్ల సమాఖ్యయై, రాష్ట్ర విభజన పిదప తెలంగాణ పేరు ధరించినది. ఇట్టి సంఘముల విన్నపములు ఫలించునా యని సందేహించువారికి బట్టలపై పన్ను కథ మంచి పాఠము.

2021 నాటికి కృత్రిమ పోగుపై 18 శాతము, దానితో చేసిన నూలుపై 12 శాతము, ఆ నూలుతో నేసిన బట్టపై 5 శాతము పన్ను ఉండెడిది. ముడిసరుకుపై ఎక్కువ, తయారైన సరుకుపై తక్కువ! ఒక ఉదాహరణ చూతము. మగ్గము యజమాని 100 రూపాయల నూలు కొని 12 రూపాయల పన్ను చెల్లించెను. బట్టను 150 రూపాయలకు అమ్మి, 5 శాతము చొప్పున 7 రూపాయల 50 పైసలు వసూలు చేసెను. మిగిలిన 4 రూపాయల 50 పైసలు ప్రభుత్వము వద్ద నిలిచిపోవును. దానిని తిరిగి పొందు పద్ధతి ఉన్నను, యంత్రములపైనను, సేవలపైనను చెల్లించిన పన్ను అందులో చేరదు.

ఈ వ్యత్యాసమును సరిచేయుటకై మండలి 2021 సెప్టెంబరు 17న లక్నోలో సమావేశమై నిర్ణయము గైకొన్నది. దాని ప్రకారము 2022 జనవరి 1 నుండి ఇట్టి బట్టలపైనను, వెయ్యి రూపాయల లోపు దుస్తులపైనను పన్ను 12 శాతము కావలసియుండెను. లెక్క సరియైనది గాని భారము కొనువానిపై పడును. పై ఉదాహరణలో 157 రూపాయల 50 పైసల బట్ట 168 రూపాయలగును. సూరత్ మొదలుకొని దేశమంతట వర్తకులు అభ్యంతరము తెలిపిరి. గుజరాత్ మొదలగు రాష్ట్రములు వారి మాటను మండలికి చేర్చెను. పాలిస్టర్ బట్టకు పేరొందిన సిరిసిల్ల మరమగ్గములు గల మన తెలంగాణయు వ్యతిరేకించెను. తుదకు 2021 డిసెంబరు 31న, అమలునకు ఒక్క దినము ముందు, మండలి బట్టలపై పెంపును వాయిదా వేసినది.

కాని చెప్పుల వర్తకులకు ఆ ఊరట కలుగలేదు. వెయ్యి రూపాయల లోపు పాదరక్షలపై పన్ను 2022 జనవరి 1న 12 శాతమైనది. విన్నవించిన వారందరు ఒకే దినమున గెలువరని దీనివలన తెలియుచున్నది. పిదప 2025 సెప్టెంబరు 3న మండలి మరల కూర్చుండి కృత్రిమ పోగును, నూలును కూడ 5 శాతమునకు దించినది. 2,500 రూపాయల లోపు పాదరక్షలను సైతము 5 శాతములో చేర్చినది. ఇవి ఆ నెల 22 నుండి అమలైనవి. బట్టపై పెంచి సరిచేయదలచిన దానిని, తుదకు నూలుపై తగ్గించి సరిచేసిరి. వ్యాధి ఉన్నదని ప్రభుత్వము చెప్పినది నిజమే; మందు వేరుగా ఉండవలెనని వర్తకులు చెప్పినదియు నిజమే.

దీనినిబట్టి మంచి అర్జీకి నాలుగు లక్షణములుండవలయునని మా అభిప్రాయము. మొదటిది, ఏ వస్తువు, ఏ రేటు, ఏ ఉత్తరువు అనునది స్పష్టముగా నుండుట. రెండవది, ఒక్క ఉదాహరణనైనను అంకెలతో చూపుట. మూడవది, పన్ను వలన వర్తకునకే గాక పనివానికి, కొనువానికి కలుగు కష్టమును తెలుపుట. నాలుగవది, తగ్గింపుమని అడుగుటతో ఆగక, ప్రభుత్వపు ఆదాయమునకు లోటు రాని మార్గమును సూచించుట. పన్ను మన శత్రువు కాదు. విద్యార్థుల ఉపకార వేతనములు, ఆసుపత్రులు, బాటలు ఆ సొమ్ముతోనే నడుచుచున్నవి.

ఇంకొక మాట. పెద్ద సంఘములలో పెద్దవారి గొంతే తరచు వినబడును. ఇంటి వద్ద కుట్టుపని చేయు తల్లికి, తోపుడు బండిపై సరుకమ్ము తండ్రికి సభ్యత్వము లేదు. అట్టివారికి రాజ్యాంగము 350వ అధికరణమున ఒక హక్కు నిచ్చినది: ఎవరైనను తమ కష్టమును, దేశమున లేదా రాష్ట్రమున వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నవించుకొనవచ్చును. 2017లో తెలంగాణయందంతట ఉర్దూ రెండవ అధికార భాషయైనది. కనుక ఆంగ్లము రాదని వెనుదీయ నక్కరలేదు.

మన కళాశాలలో రెండు భాషలును చదువుకొన్న విద్యార్థులున్నారు. లెక్కలు తెలిసిన వాణిజ్య విద్యార్థులున్నారు. వీరిరువురు కలిసి ప్రతి సంవత్సరము బడ్జెటునకు ముందు ఒక్క వారము పరిసరములలోని చిన్న దుకాణదారుల మాట విని, వారి అర్జీలను వారి భాషలోనే వ్రాసి యిచ్చుటకు కళాశాల కమిటీ పెద్దలు అనుమతింతురని ఆశించుచున్నాము. తండ్రి చెల్లించిన రుసుముతో చదువు నేర్చిన కుమారుడు, ఆ తండ్రి కొరకు ఒక్క అర్జీయైనను చక్కగా వ్రాయగలిగినచో ఆ చదువు సార్థకము.