న్యాయ సలహా: గేరు పళ్ళు అరిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: రోజూ గేర్ల సైకిలు మీదే ఆఫీసుకు వెళ్తాను. వెనక క్యాసెట్ (గేరు పళ్ళ చక్రాల సెట్టు) కొత్తది వేయించిన కొన్ని నెలలకే చైను జారుతోంది, పళ్ళు సూదుల్లా తేలాయి. షాపువాళ్ళేమో అరుగుదలకు వారంటీ ఉండదని, అమ్మిన వస్తువు వాపసు తీసుకోమని అంటున్నారు. నేనేం చేయగలను?

జవాబు: చేయగలిగింది చాలానే ఉంది. కాకపోతే మీ కేసు బలం సగానికి పైగా కొన్న రోజునే, మీరు కౌంటరు దగ్గర ఏమని అడిగారన్న దాన్నిబట్టే తేలిపోతుంది.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చూడండి. కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికొస్తుందన్న షరతు కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే లెక్క. అయితే అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. 'ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వండి' అని మీరే పేరు పెట్టి అడిగితే ఆ షరతు మీకు వర్తించదు. ఎంపిక మీది కాబట్టి, అది మీ అవసరానికి సరిపోకపోతే ఆ బాధ్యత షాపుది కాదు. అందుకే నేను మోడల్ పేరుతో మొదలుపెట్టవద్దంటాను. 'రోజూ ఇంత దూరం తొక్కుతాను, వానలోనూ తప్పదు, దారిలో ఫ్లైఓవరు ఎక్కాలి, నా సైకిలుకు వెనక ఎనిమిది గేర్లు, దీనికి ఎక్కువ కాలం మన్నేది ఇవ్వండి' అని అడగండి. నోటితో అన్నది తర్వాత రుజువు చేయడం కష్టం. కాబట్టి ఇదే సంగతి షాపు వాట్సాప్ నంబరుకు పంపి, వాళ్ళ జవాబు దాచుకోండి.

అడిగే ముందు సరుకు గురించి కొంత తెలిసి ఉండాలి. మన దగ్గర తక్కువ ధర గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ఉండేది అసలు క్యాసెట్ కాదు, హబ్‌కు మరలాగా తిప్పి బిగించే ఫ్రీవీల్. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కదు. రోజువారీ ప్రయాణానికి నా ఓటు పళ్ళ చక్రాలన్నీ ఉక్కువే ఉన్న క్యాసెట్‌కు. అల్యూమినియం చక్రాలు కలిపితే బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది, అరుగుదలా త్వరపడుతుంది. ఆఫీసుకు వెళ్ళేవారికి ఆ కొద్ది గ్రాముల తగ్గింపుతో పనేమిటి? ఇంకో మాట. అన్నిటికంటే చిన్న చక్రానికి పదకొండు పళ్ళే ఉంటే, తొక్కే బలమంతా ఆ కొద్ది పళ్ళ మీదే పడుతుంది. ఎప్పుడూ ఆ గేరులోనే తొక్కేవారికి ముందు అరిగేది అదే.

షిమానో కంపెనీ లింక్‌గ్లైడ్ పేరుతో అమ్ముతున్న క్యాసెట్లు తన పాత హైపర్‌గ్లైడ్ కంటే మూడు రెట్లు మన్నుతాయని చెబుతోంది. వాటికి తగిన గేరు మీట, చైనును చక్రం నుంచి చక్రానికి మార్చే డీరెయిలర్ కూడా ఉండాలి. మీ సైకిలుకు అవి సరిపోతాయా లేదా అన్నది షాపువాళ్ళ చేత రాయించుకోండి. సరిపోతుందని చెప్పి సరిపోనిది బిగిస్తే అది సేవాలోపం కూడా అవుతుంది.

ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఒప్పందం ప్రకారం గానీ, అమ్మేవాడు చెప్పుకున్న ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోతే 2(10) సెక్షన్ దాన్ని 'లోపం' అంటుంది. 'చక్రాలన్నీ ఉక్కువే' అని చెప్పి వేరేది అంటగడితే అది లోపమే. పన్ను విరిగినా, చక్రం పగిలినా, రివెట్లు వదులై చక్రాలు ఊగినా తయారీ లోపమని గట్టిగా వాదించవచ్చు. మామూలు వాడకంతో వచ్చిన అరుగుదలను మాత్రం చట్టం లోపంగా చూడదు. ఆ విషయంలో షాపువాళ్ళ మాట నిజమే.

అమ్మిన వస్తువు వాపసు తీసుకోమన్న మాట మాత్రం చెల్లదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. బిల్లు మీద 'సైకిలు పార్టు' అని రాస్తే ఒప్పుకోకండి. కంపెనీ, మోడల్, గేర్ల సంఖ్య, వారంటీ కాలం ఉండాలి. విదేశీ సరుకైతే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, ఏ దేశంలో తయారైందీ ముద్రించి ఉండాలి. ఇవేవీ లేని విడి సరుకు చవకగా దొరికినా రేపు వారంటీ ఎవరిని అడుగుతారు?

అవతలి వాళ్ళు చేసే మొదటి వాదన నాకు తెలుసు. 'చైను సాగిపోయింది, అదే పళ్ళను తినేసింది' అంటారు. చాలాసార్లు అది నిజం కూడా. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి ఇరవై నాలుగో పిన్ను వరకు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చేయాలి. 8వ వంతు దాకా వదిలేస్తే కొత్త చైనుతో పాటు క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది. కాబట్టి క్యాసెట్ వేయించిన రోజే కొత్త చైను వేయించి రెండూ ఒకే బిల్లులో రాయించండి, నెలకోసారి స్కేలుతో కొలిచి ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలుంటే ఈ వాదన నిలవదు.

ముందుగా షాపుకు, తయారీదారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అప్పటికీ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. షాపు ఏ ఊళ్ళో ఉన్నా మీరు ఉండే చోటే వేయవచ్చు. గడువు రెండేళ్ళు. లోపం పరీక్షతో గానీ తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబుకు పంపగలదు. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని అయిదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది.

సైకిలు మీద డెలివరీలు చేసి బతికేవారికి 'మీది వ్యాపారం, మీరు వినియోగదారులు కారు' అని ఎవరైనా అంటే నమ్మకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న వస్తువును వ్యాపార అవసరంగా లెక్కించకూడదని చట్టమే వివరణ ఇచ్చింది.

మీ విషయంలో ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. అరిగిన క్యాసెట్‌ను, దానితో తిరిగిన చైనును విప్పించి ఇంటికి తెచ్చుకోండి. శుభ్రం చేయకుండా అలాగే కవర్లో వేసి, పైన తేదీ రాసి ఉంచండి. కొత్తది బిగించాక పాతది షాపులోనే వదిలేస్తే, ల్యాబుకు పంపడానికి మీ చేతిలో వస్తువే ఉండదు.