“హేయము” అను మాట: దాని పుట్టుక, దాని భావము

పాఠభాగములు: ఆదికాండము 43:32; సామెతలు 6:16–19; అపొ. కార్యములు 10:9–35



మన తెలుగు బైబిలులో “హేయము” అని ఉన్నచోట ఇంగ్లీషు బైబిలులో తరచుగా “అబామినేషన్” అను మాట కనబడును. దాని భావము రోత, ఏవగింపు. చూచినంతనే కడుపులో త్రిప్పి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనజేయుదానిని ఆ మాటతో పిలుతురు. ఈ మాట చరిత్రను తెలిసికొనినయెడల, మనుష్యుడు తన రోతను ఎవరిమీద ఉంచెనో, దేవుడు దానిని దేనిమీద ఉంచుమనుచున్నాడో మనకు తేటపడును.

1. మాట పుట్టుక

ఇది లాటిను భాషనుండి వచ్చినది. “అబ్” అనగా దూరముగా; “ఓమెన్” అనగా శకునము. పూర్వము రోమీయులు పక్షులు ఎగురు తీరును, ఉరుములను, మెరుపులను చూచి శకునము లెంచెడివారు. చెడు శకునము కనబడినప్పుడు, ఆ కీడు తమకు తగులకుండును గాక అని దానిని తొలగగోరుటకు “అబోమినారి” అనిరి. పిల్లి ఎదురుపడినదని ఇంటికి తిరిగివచ్చి, కొంతసేపు కూర్చుండి మరల బయలుదేరువారిని చూచిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. కాబట్టి ఈ మాటకు మూలము భయము. మొదట భయపడి తొలగినదానిని మనుష్యుడు రానురాను రోయుటకు అలవాటుపడెను.

ఆ మాట ఫ్రెంచి భాష ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించినది. 1380 ప్రాంతములలో విక్లిఫ్, ఆయన సహచరులు లాటిను బైబిలును ఇంగ్లీషులోనికి త్రిప్పినప్పుడు దీనిని వాడిరి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు ద్వారా ఇది సామాన్య జనుల నోట నిలిచినది.

2. పండితుల పొరపాటు

మధ్యయుగములలో కొందరు పండితులు ఈ మాటలోని శకునమును మరచిరి. లాటినులో “అబ్ హోమినె” అనగా “మనుష్యునికి దూరమైనది”. మాట అందులోనుండియే పుట్టెనని తలంచి, వారు దాని నడుమ ఒక “హ” అక్షరమును చేర్చి వ్రాసిరి. ఈ వ్రాత కొన్ని వందల సంవత్సరములు నడిచెను. 1598లో అచ్చయిన “లవ్స్ లేబర్స్ లాస్ట్” అను నాటకములో షేక్స్‌పియరు ఒక బడిపంతులును నవ్వులపాలు చేసెను. ఆ “హ” పలుకనివారిని చూచి ఆ పంతులు చిరాకుపడును.

తరువాత ఆ అక్షరము పోయినది. అయితే దాని వెనుకనున్న తలంపు పోయినదా? మనము ఎవనిని రోయుదుమో వానిని మనుష్యులలో లెక్కింపము. ఈ రెండును ఎప్పుడును జతగానే నడచును.

3. ఐగుప్తు భోజనపు పంక్తి

యోసేపు తన సహోదరులకు విందు చేసినప్పుడు భోజనము మూడు చోట్ల వడ్డింపబడెను: అతనికి వేరుగా, వారికి వేరుగా, ఐగుప్తీయులకు వేరుగా. హెబ్రీయులతో కలిసి తినుట ఐగుప్తీయులకు హేయము. గొఱ్ఱెల కాపరులును వారికి హేయులే (ఆది. 46:34). ఆ దేశమును కరవునుండి కాపాడినవాడు హెబ్రీయుడే; ఆ ధాన్యము తినుటకు వారికి రోత లేదు, ఆ జనముతో కూర్చుండుటకే రోత. చదువరీ, ఇట్టి పంక్తిని నీవెక్కడైన చూచితివా?

4. దేవునికి హేయమైనది

పై వచనములలోని హెబ్రీ మాట “తోఎబా”. అది పాత నిబంధనలో 100కు పైగా సార్లు వచ్చును. విగ్రహములకును, నిషేధింపబడిన ఆహారమునకును, అపవిత్ర క్రియలకును ఆ మాట వాడబడెను. సామెతల గ్రంథములో అది మన దినదిన జీవితములోనికి దిగివచ్చును. దొంగత్రాసు (11:1), అబద్ధమాడు పెదవులు (12:22), గర్వహృదయము (16:5), దోషిని నిర్దోషియనుట (17:15) ఇవి దేవునికి హేయము. ఆరవ అధ్యాయములో ఏడింటి పట్టిక ఉన్నది. దాని చివర నిలిచినవాడు అన్నదమ్ములలో జగడములు పుట్టించువాడు. ఆ పట్టికలో ఒకని పుట్టుక లేదు, వృత్తి లేదు, దారిద్ర్యము లేదు.

“హేయము” అనగా విడువదగినది. “అసహ్యము” అనగా సహింపరానిది. విడువవలసినది మనలోని పాపమును, పొరుగువానిని కాదు. ధనాపేక్షగల పరిసయ్యులతో ప్రభువు, మనుష్యులు గొప్పగా ఎంచునది దేవునియెదుట అసహ్యమని చెప్పెను (లూకా 16:14, 15).

5. పేతురు నేర్చిన పాఠము

యొప్పేలో మిద్దెమీద పేతురుకు దర్శనము కలిగెను. ముమ్మారు దేవుడు అతనికి బోధించెను. ఏ మనుష్యుని అపవిత్రుడని పిలువరాదని గ్రహించి, అతడు కొర్నేలీ ఇంట ప్రవేశించెను. అయినను అంతియొకయలో అతడే ఇతరులకు భయపడి అన్యజనుల పంక్తినుండి వెనుదీసెను, పౌలు అందరియెదుట అతనిని గద్దించెను (గలతీ. 2:11–14). గమనించుడి, మరల భయమే మూలము! మన ప్రభువైతే కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టెను (మత్తయి 8:3).

1950లో అమలులోనికి వచ్చిన మన దేశ రాజ్యాంగము, 17వ అధికరణములో అంటరానితనమును రద్దుచేసినది. చట్టము వీధిలోని గోడను పడగొట్టగలదు. హృదయములోని గోడను మనమే ప్రభువు సహాయముతో పడగొట్టవలెను. ఒక్క రొట్టెలో పాలుపొందినవారు ప్రేమవిందులో వేరు పంక్తులుగా కూర్చుండిన, ఐగుప్తు ఆచారము మన గుడిలోనికి వచ్చినట్లే. తూకములో మోసము చేసినవానిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, కూలివాని పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు ముఖము త్రిప్పుకొనినయెడల, మన రోత త్రోవ తప్పినది.

గృహకూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. సామెతలు 6:16–19లోని ఏడింటిలో మన సంఘమును ఎక్కువగా బాధించుచున్నది ఏది?
2. మన ఊరిలో మనము ఎవరి ఇంట భోజనము చేయలేదు? కారణమేమి?
3. పేతురు ఎవరికి భయపడెను? మనము ఎవరికి భయపడుచున్నాము?

ప్రభువు దేనిని రోయునో దానిని రోయుటకును, ఎవరిని ప్రేమించునో వారిని ప్రేమించుటకును ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.