ఒకే ఇంట రెండు పెద్ద పిల్లులు

పిల్లి మనుషులకంటే ఇంటినే ఎక్కువగా అంటిపెట్టుకొని ఉంటుందని పెద్దలు అంటారు. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. తాను తిరిగే చోటును బుగ్గలతో రుద్ది, తన వాసనతో గుర్తు పెట్టుకుంటుంది. అక్కడ ఎదిగిన మరొక పిల్లి కనబడితే దానిని అతిథిగా కాక ఆక్రమణదారుగా భావిస్తుంది. బెంగళూరు, చెన్నై వంటి నగరాలలోని ఇరుకు ఇళ్ళలో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. పెళ్ళితో రెండు కాపురాలు ఒకటైనప్పుడు, ఊరినుండి పెద్దలు తమ పిల్లితో వచ్చి చేరినప్పుడు, “అవే సర్దుకుంటాయి” అని మొదటిరోజే రెండింటినీ కలపరాదు.

1. ముందుగా వైద్య పరీక్ష

కొత్త పిల్లిని పశువైద్యునికి చూపించి, రేబిస్ టీకా వేయించాలి. రెండింటికీ సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగి ఉంటే పోట్లాటలు తగ్గుతాయి.

2. చూపుకంటే ముందు వాసన

కొత్త పిల్లికి ఒక గదిని కేటాయించి తలుపు మూసి ఉంచాలి. ఒక పిల్లి పడుకొన్న గుడ్డను రెండవదాని చెంత ఉంచాలి. మూసిన తలుపునకు రెండు వైపులా ఒకే వేళకు ఆహారం పెట్టాలి. ఎదుటిదాని వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతుంటే భయం క్రమంగా సడలుతుంది. రెండూ నిశ్చింతగా తిన్న తరువాతే తలుపు కొద్దిగా తెరిచి, దూరంనుండి చూసుకోనివ్వాలి. ఆపైన కొద్ది నిమిషాల కలయికలు చాలు. దీనికి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు పడుతుంది.

3. చోటు పంపకం

రెండు పిల్లులకు మూడు లిట్టర్ ట్రేలు ఉండడం మేలు. వాటిని వేర్వేరు మూలల్లో ఉంచాలి. అన్నీ ఒకేచోట ఉంటే ఒక పిల్లి వాటన్నిటికీ కాపలా కాయగలదు. ఆహారం, నీరు కూడా విడివిడిగా పెట్టాలి. ఇల్లు చిన్నదైనా బీరువా పైభాగం, అటక, కిటికీ గట్టు పిల్లికి అదనపు గదులతో సమానం.

4. కలహపు గుర్తులు

బుసకొట్టడం హెచ్చరిక మాత్రమే, అందుకు దండించరాదు. ఒకటి రెండవదానిని రెప్పవేయక చూడడం, దారికి అడ్డంగా కూర్చోవడం అంతకంటే తీవ్రమైనవి. బెదిరిన పిల్లి తిండి మానవచ్చు, ట్రే బయట మూత్రం పోయవచ్చు. అప్పుడు వైద్యుని సంప్రదించి, మళ్ళీ రెండవ మెట్టునుండి ఆరంభించాలి. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన పిల్లికి కొత్త వాసన అంటుతుంది గనుక పాత నేస్తమే దానిపై తిరగబడవచ్చు.

పోట్లాడుతున్న పిల్లులను చేతులతో విడదీయరాదు. మధ్యలో అట్టముక్క అడ్డుపెట్టాలి. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

5. వీధి పరిష్కారం కాదు

ఎంత ప్రయత్నించినా పొసగకపోతే, బాధ్యతగా పెంచే మరొక ఇంటిని వెదకాలి. ఇంటి తిండికి అలవాటుపడిన పిల్లి వీధిలో నిలదొక్కుకోవడం కష్టం. తగిన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ ప్రకారం నేరం.

అభ్యాసం

1. మీ ఇంట్లో కొత్త పిల్లికి ఏ గదిని కేటాయించగలరు?
2. మూడు ట్రేలను ఎక్కడెక్కడ ఉంచుతారు?
3. బుసకొట్టే పిల్లిని ఎందుకు దండించరాదు?